ఒక్క ఏడాది.. హాస్టల్‌ అయ్యవారు!

డిగ్రీ చేతికొచ్చింది. ఉద్యోగమా, పై చదువా అన్నది ఇంకా తేలలేదు. ఈ మధ్యలో ఒక్క ఏడాది ఇంగ్లాండుకో, ఆస్ట్రేలియాకో వెళ్లి అక్కడి బోర్డింగ్‌ స్కూల్లో పిల్లలకు అయ్యవారుగా ఉండి వస్తే? కోయంబత్తూరు, మదురై తెలుగిళ్లలో ఈ మాట ఎత్తితే ఎదురయ్యే ప్రశ్నలు రెండు. 'ఏడాది వృథా కాదా?' అన్నది మొదటిది. 'మనకు వీసా ఎవరిస్తారు?' అన్నది రెండోది. మొన్నమొన్నటి దాకా రెండో ప్రశ్న దగ్గరే కథ ఆగిపోయేది. 2023లో బ్రిటన్‌, 2024లో ఆస్ట్రేలియా మన దేశపు యువతకు చెరో తలుపు తెరిచాయి. తలుపు చిన్నదే.. పైగా లాటరీ తగిలితేనే లోపలికి!

మదురైకి తెలిసిన పద్ధతే

చదువు ముగిశాక పరాయి దేశంలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి రావడం మదురైకి కొత్తేం కాదు. కాకపోతే ఇన్నాళ్లూ వాళ్లు ఇక్కడికొచ్చారు. అమెరికాలోని ఒహాయోలో ఓబర్లిన్‌ కాలేజీ ఉంది. దానికి అనుబంధంగా 1908లో పుట్టిన షాన్సీ సంస్థ మొదట చైనాతో, 1950ల నుంచి మదురైతోనూ సంబంధం పెట్టుకుంది. అప్పుడే పట్టా పుచ్చుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు 1881 నాటి అమెరికన్‌ కాలేజీకి, 1948లో మొదలైన లేడీ డోక్‌ కాలేజీకి వచ్చి ఇంగ్లిషు చెప్పారు. విద్యార్థుల మధ్యనే ఉన్నారు. అదే పని మనపిల్లలు అక్కడికెళ్లి చేయొచ్చు కదా అన్నదే ఇప్పటి మాట.

ఇంతకీ పనేమిటి?

దీన్ని అక్కడ 'గ్యాప్‌ ఇయర్‌' అంటారు. కొన్ని బళ్లు గ్యాప్‌ ట్యూటర్‌ అని, కొన్ని గ్రాడ్యుయేట్‌ అసిస్టెంట్‌ అని పేరు పెడతాయి. పేరుకు ట్యూటరే గానీ పాఠం చెప్పేది తక్కువ. మన హాస్టళ్లలో వార్డెన్‌కు కుడిభుజంలా ఉండే సీనియర్‌ అన్న, అక్క చేసే పనులే ఎక్కువ. పొద్దున పిల్లల్ని లేపాలి. సాయంత్రం ఆటలు ఆడించాలి. రాత్రి స్టడీ అవర్‌లో పక్కన కూర్చుని లెక్కో, వ్యాసమో అర్థమయ్యేలా చెప్పాలి. దీపాలార్పాక అమ్మ గుర్తొచ్చి ఏడ్చే పిల్లవాణ్ని సముదాయించాలి. శని, ఆదివారాల్లో బయటికి తీసుకెళ్లాలి. మామూలుగా బడి నడిచే రోజుల్లో గది, భోజనం బడివే. చేతికిచ్చే జీతం బడిని బట్టి ఉంటుంది. ఇల్లు కట్టేంత మిగులుతుందని వెళ్తే మాత్రం నిరాశే.

ఇదీ దారి.. ఇదీ ఖర్చు

* బ్రిటన్‌: యంగ్‌ ప్రొఫెషనల్స్‌ పథకం. వయసు 18 నుంచి 30 ఏళ్లు. డిగ్రీ తప్పనిసరి. 2023లో మొదలైనప్పుడు ఏడాదికి 3 వేల వీసాలన్నారు. పేరు ఆన్‌లైన్‌లో ఉచితంగా నమోదు చేసుకోవాలి. డ్రాలో వస్తేనే వీసాకు దరఖాస్తు. ఖాతాలో 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు ఉన్నట్టు చూపాలి. మన డబ్బులో దాదాపు మూడు లక్షలు. ఆరోగ్య రుసుము 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 776 పౌండ్లు. రెండేళ్లది ముందే కట్టాలి. వీసా ఫీజు, విమానం టికెట్టు వేరే. రెండేళ్లు ఉండొచ్చు, పొడిగింపు లేదు.

* ఆస్ట్రేలియా: వర్క్‌ అండ్‌ హాలిడే వీసా. వయసు ఇక్కడా 18 నుంచి 30. మనవాళ్లకు ఏడాదికి వెయ్యి. డ్రాకు 25 డాలర్లు కట్టాలి. 2024 అక్టోబరులో మొదటిసారి తెరిస్తే రెండు వారాల్లోనే సుమారు 40 వేల మంది పేర్లిచ్చారు. ఖర్చులకు 5 వేల ఆస్ట్రేలియా డాలర్లు చూపాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి పని చేయకూడదు. బడి ఏడాదికి తీసుకుంటానంటే ఈ సంగతి ముందే తేల్చుకోవాలి.

బ్రిటన్‌లో బడి సెప్టెంబరులో, ఆస్ట్రేలియాలో జనవరి చివర్లో మొదలవుతుంది. దాన్ని బట్టి చాలా ముందుగానే బళ్లకు నేరుగా రాసుకోవాలి. పిల్లలతో పని కాబట్టి నేరచరిత్ర లేదన్న కాగితం అడుగుతారు. పోలీస్‌ క్లియరెన్స్‌ సర్టిఫికెట్టుకు చెన్నై పరిగెత్తక్కర్లేదు. ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాలు కోయంబత్తూరు, మదురైలలోనే ఉన్నాయి.

దళారితో జాగ్రత్త

'డ్రాలో పేరు వేయిస్తాం, లక్ష ఇవ్వండి' అంటే నమ్మొద్దు. డ్రా కంప్యూటర్‌ది, పైరవీ పని చేయదు. బడి ఇచ్చే కాగితంలో గది, భోజనం, జీతం, వారానికి ఎన్ని గంటల పని, సెలవు రోజు ఏది.. అన్నీ రాసుండాలి. క్రిస్మస్‌, ఈస్టర్‌ సెలవులకు హాస్టల్‌ మూస్తే ఎక్కడ తలదాచుకోవాలో కూడా అడగాలి. ఆడపిల్లను పంపే ఇళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

వృథాయేనా?

ఇక మొదటి ప్రశ్న. పీలమేడులో మిల్లో, పంపుసెట్ల కంపెనీయో చూసుకోవాల్సిన కొడుకు ఏడాది ఎందుకు తిరగాలని పెద్దలకు అనిపించడం సహజం. కానీ కోయంబత్తూరు తెలుగువారు తమవాడని గర్వంగా చెప్పుకునే జి.డి.నాయుడు (1893-1974) బడి చదువు అంతంతమాత్రమైనా దేశాలు తిరిగారు. 1936లో లండన్‌లో అయిదో జార్జి అంత్యక్రియలను సొంత కెమెరాతో చిత్రించారు. చూసి నేర్చుకోవడం ఆ ఊరికి తెలిసిన విద్యే.

మరో బలమూ మనపిల్లలకుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లిషు. మదురైలో నాయకరాజులు పాలన మొదలుపెట్టిన 1529 నుంచి లెక్కేసినా అయిదు వందల ఏళ్లు కావస్తోంది. అన్నాళ్లుగా రెండు భాషల మధ్య బతికినవాళ్లం. అక్కడి హాస్టళ్లలో చైనా, హాంకాంగ్‌ లాంటి చోట్ల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉంటారు. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటైతే ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనకూ అంతే.

ఒక చిక్కు మాత్రం ఉంది. 'మీ భాషలో నా పేరు రాసి చూపించు' అని ఆ పిల్లల్లో ఒకరు అడిగితే? తెలుగు గలగలా మాట్లాడి, అక్షరం రాయలేని తరం మన ఊళ్లలో పెరిగింది. తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక బడిలో తెలుగు మరీ ఇరుకున పడింది. వీసా రావడానికి నెలలు పడుతుంది. అఆలు రావడానికి అన్ని నెలలు అక్కర్లేదు. అవ్వ పక్కన పలకతో కూర్చుంటే చాలు. లాటరీ తగలకపోయినా అది మాత్రం చేతిలో మిగులుతుంది.