వరద లెక్కల్లో కూలి దినం ఏది?

2024 సెప్టెంబరు రెండో వారంలో, బుడమేరు నీళ్లు తీసిన తర్వాత, మేము దిగువన ఉన్న ఒక ఊరికి పోయాం. నాట్లు వేసి నెల తిరగని చేలల్లో వరి కుళ్లి వాసన కొడుతోంది. బడి ఆవరణలో మోకాటి లోతు ఒండ్రు. వంట చేసే రేకుల షెడ్డు ముందు ఇద్దరు ఆడకూలీలు కూర్చుని బురద పట్టిన గుండిగలు కొబ్బరిపీచుతో తోముతున్నారు.

"బడి ఎప్పుడు తెరుస్తారో తెలీదు గదమ్మా, ఇప్పుడే ఎందుకు తోమటం?" అని అడిగాం.

"తెరిచిన రోజున గిన్నెలు సిద్ధంగా లేకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటామంటారన్నా. తెరిచేదాకా మాత్రం మేమెవరమో ఎవరికీ గుర్తుండదు" అంది పెద్దామె.

ఆమె ఇల్లు కాస్త మెరక మీద ఉంది. నీళ్లు అరుగు దాకా వచ్చి ఆగిపోయాయి. అందుచేత నష్టం రాసుకోవటానికి వచ్చినవాళ్లు ఆమె పేరు రాసుకోలేదు. సెంటు భూమి లేదు గనుక పంట జాబితాలో లేదు. కొట్టు లేదు, ఆటో లేదు. బడి మూతబడింది, చేలో కలుపు పని పోయింది, రెండు కూలీలూ ఒక్కసారే పోయాయి. ఆమె మమ్మల్ని అడిగిన మాట ఒకటే: "ఇల్లు మునగలేదన్నారు, సరే. పని మునిగింది గదన్నా, అది రాసుకోరా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వం. అడగవలసింది మనం.

సాయం దేనికి అందింది?

ఆ వరదకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన సాయంలో, నీట మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ఉన్నాయి. వరికి ఎకరానికి 10,000 రూపాయల లెక్కన ఇచ్చారు. చిన్న దుకాణాలకూ, ఆటోలకూ, మోటారు సైకిళ్లకూ, మగ్గాలకూ విడివిడిగా రేట్లు కట్టారు. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది. తెలంగాణ ప్రభుత్వం దెబ్బతిన్న ఇంటికి 16,500 రూపాయలు, పంటకు ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించింది.

ఇచ్చినదాన్ని మేము కాదనటం లేదు. అది చాలదని కొట్లాడినవాళ్లలో మనమూ ఉన్నాం. కానీ ఈ జాబితా మొత్తం ఒకసారి చదవండి. గోడ ఉంది, పైరు ఉంది, చక్రం ఉంది, మగ్గం ఉంది. కంటికి కనబడే ఆస్తి ఏదైనా ఉంటే దానికి ఒక గడి ఉంది. రెక్కలు తప్ప మరేమీ లేని మనిషికి గడి లేదు. పోయిన కూలి దినానికి సర్వే నెంబరు లేదు, ఫోటో తీయటానికి వీల్లేదు. అందుకని అది నష్టం కాకుండా పోయింది.

బడి పంతుళ్లకు వరద సెలవులకు జీతం కోత పడదు. పడకూడదు కూడా. అదే బడిలో, అదే పిల్లలకు అన్నం వండి పెట్టే మనిషికి ఆ రోజుల సంగతి ఏమిటని ఆ ఊళ్లో మేము విచారించాం. ఇస్తారో కోస్తారో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. "పైనుంచి ఏమీ రాలేదు" అన్నదే జవాబు.

రోజుకు 120 రూపాయల గౌరవం

బడి పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో పథకం మొదలయింది. పల్లెల్లో పొయ్యి దగ్గర చేరినవాళ్లు ఎక్కువమంది పొదుపు సంఘాల్లోని పేద ఆడవాళ్లు, వ్యవసాయ కూలీలు. 2009 డిసెంబరు నుంచి కేంద్రం వీరికి నెలకు 1000 రూపాయలు నిర్ణయించింది. అందులో కేంద్రం వాటా 600, రాష్ట్రం వాటా 400. పదిహేనేళ్ల తర్వాత, 2024 వరద నాటికి కూడా ఆ అంకె కదల్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వంతు కలిపి దాన్ని 3000కు తెచ్చాయి, అది కూడా పోరాడిన మీదట. ఏడాదికి 10 నెలలే ఇస్తారు. వేసవి రెండు నెలలూ పస్తు.

మూడు వేలను నెలకు 25 పనిదినాల లెక్కన పంచితే రోజుకు 120 రూపాయలు పడుతుంది. అదే 2024లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రాల్లో రోజుకు 300 రూపాయల కూలి ఉంది. దీనికి పెట్టిన పేరు మాత్రం గౌరవ వేతనం! కూలి అంటే కనీస వేతన చట్టం గుర్తుకొస్తుంది. ఉద్యోగి అంటే సెలవు, పింఛను గుర్తుకొస్తాయి. గౌరవం అంటే ఏ చట్టమూ గుర్తురాదు.

ఇంకొకటుంది. కూరగాయలు, తాలింపు సామాను, గ్యాసు ముందు వీళ్లే తెచ్చి పెట్టాలి. పిల్లలు ఎంతమంది తిన్నారో ఆ లెక్కన బిల్లు తర్వాత వస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలీదు. అంతదాకా కొట్టు బాకీ. బడి మూసిన రోజున భోజనాల లెక్క సున్నా, బిల్లూ సున్నా. కొట్టు బాకీ మాత్రం సున్నా కాదు. ఆ ఊళ్లో పప్పు, నూనె, ఉప్పు, చింతపండు అన్నీ షెడ్డులోనే నీళ్లపాలయ్యాయి. అప్పు పుస్తకంలో ఉన్నది మాత్రం తడవలేదు.

పైగా, వరద వస్తే బడి శిబిరంగా మారుతుంది. నీళ్లు ముంచని బడికి జనాన్ని తరలిస్తారు. వాళ్లకు వండేదెవరు? బడి పొయ్యి తెలిసిన ఈ ఆడవాళ్లే. పక్క ఊళ్లో ఒకామె నాలుగు రోజులు పొద్దునా రాత్రీ శిబిరంలో వండింది. "సేవ చేశావమ్మా" అని మెచ్చుకున్నారట. ఆ నాలుగు రోజులకు కూలి ఏ పద్దులోనూ లేదు.

చట్టంలో లేనిది కాదు

"మీరు అడిగేది బాగానే ఉంది, రూల్సులో లేదు" అని ఆఫీసుల్లో అంటారు. రూల్సులో ఏముందో మనమే చదివి చెప్పాలి.

ఆహార భద్రత చట్టం కింద 2015లో మధ్యాహ్న భోజన నియమాలు వచ్చాయి. బడి పనిచేసే రోజున భోజనం పెట్టలేకపోతే పిల్లవాడికి బియ్యమూ, వంట ఖర్చూ భత్యంగా ఇవ్వాలని అందులో ఉంది. మంచి నియమం. పిల్లవాడి అన్నం పోతే నష్టమని ఒప్పుకున్న ప్రభుత్వం, వండే మనిషి అన్నం పోతే నష్టమని ఎందుకు ఒప్పుకోదు?

2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం 12వ సెక్షను చూడండి. సహాయానికి కనీస ప్రమాణాలు చెప్పేటప్పుడు ప్రాణనష్టం, ఇళ్ల నష్టంతోపాటు జీవనోపాధిని తిరిగి నిలబెట్టటానికి సాయం అని కూడా రాశారు. 2015లో ఇచ్చిన విపత్తు సహాయ నిధి నిబంధనల్లో, ఉపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు పెద్దలకు రోజుకు 60, పిల్లలకు 45 రూపాయలు అన్నారు. ఆ డబ్బు చాలదన్నది వేరే సంగతి. పోయిన పని కూడా నష్టమేనని నిబంధన రాసినవాళ్లకు తెలుసు. జాబితా రాసేవాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆ మాట మాయమవుతోంది.

2013లో 45వ భారత కార్మిక మహాసభ, స్కీము వర్కర్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ సభలో ప్రభుత్వమూ కూర్చుంది, యాజమాన్యాలూ కూర్చున్నాయి. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించటం వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. 2020 డిసెంబరులో అలహాబాదు హైకోర్టు, బడి వంటామెకు నెలకు 1000 రూపాయలివ్వటం వెట్టేనని తీర్పు చెప్పింది.

అదే నెలలో, ఇంకో దేశంలో

బుడమేరు పొంగిన 2024 సెప్టెంబరులోనే, 27వ తేదీన, అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు పడమటి కొండ జిల్లాలను హెలీన్ తుపాను ముంచింది. కొన్నిచోట్ల బళ్లు నెలరోజుల దాకా తెరుచుకోలేదు. అక్కడ బడి వంటశాలల్లో పనిచేసేవాళ్లు చాలావరకు గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్లు. వంటశాల ఖర్చు పిల్లల భోజనాలపై వచ్చే రాబడితో నడుస్తుంది. బడి మూస్తే రాబడి లేదు, రాబడి లేకపోతే కూలికి డబ్బు లేదు. మన బిల్లుల గొడవకు పెద్ద తేడా ఏమీ లేదు.

తుపాను వచ్చిన రెండు వారాల్లో అక్కడి శాసనసభ 27.3 కోట్ల డాలర్ల సహాయ చట్టం చేసింది. అందులో 1.6 కోట్ల డాలర్లు ప్రత్యేకంగా బడి వంట సిబ్బంది కోల్పోయిన వేతనాల కోసం కేటాయించింది.

అమెరికా ధర్మదేశమని మేము చెప్పటం లేదు. 2005లో కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లియన్స్ బళ్లలో పనిచేసే దాదాపు 7,500 మందిని అక్కడే ఉద్యోగాల్లోంచి తీసేశారు. వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో తిరిగారు, 2014లో లూసియానా సుప్రీంకోర్టు వారి కేసు కొట్టేసింది. కాబట్టి చెప్పేదల్లా ఇంతే: బడి వంట మనిషి కోల్పోయిన కూలిని లెక్కగట్టి, దానికంటూ ఒక పద్దు రాయటం సాధ్యమయ్యే పనే. ఒక చోట చేశారు. చేయని చోట మనిషి వీధిన పడ్డాడు.

మనం చేయవలసింది

ఆ ఊళ్లో మేము చేసిన పని చిన్నదే. రెండు పంచాయతీల్లోని వంట కార్మికులను ఒక చెట్టు కింద కూర్చోబెట్టి నాలుగు గళ్ల కాగితం గీశాం: పేరు, బడి మూసిన రోజులు, శిబిరంలో వండిన రోజులు, పోయిన సామాను. హెడ్మాస్టరు సంతకం అడిగాం. ఒకాయన పెట్టాడు, ఒకాయన జంకాడు. మండలాఫీసుకు పోతే "దీనికి కాలమ్ లేదు" అన్నారు. "అయితే ఈ కాగితాన్నే కాలమ్ అనుకోండి, తీసుకున్నట్టు సంతకం పెట్టండి" అని ఆడవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. సాయంత్రానికి పెట్టారు.

దానివల్ల అంతా రాలేదు. ఆ నెల జీతం కోత లేకుండా వచ్చింది, పాత బిల్లు ఒకటి కదిలింది. పోయిన వ్యవసాయ కూలికి పైసా రాలేదు, శిబిరంలో వండినదానికీ రాలేదు. అది ఇంకా బాకీ ఉంది.

కనుక వచ్చే వానాకాలానికి ముందే ప్రతి మండలంలో ఈ పని జరగాలి. వరద, తుపాను సెలవులకు బడి వంట కార్మికులకు పూర్తి వేతనం ఇస్తామని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. శిబిరంలో వండిన ప్రతి రోజుకూ కనీస కూలి కట్టాలి. పోయిన సరుకు, పాత్రలు ప్రభుత్వమే తిరిగి ఇచ్చి, బకాయి బిల్లులు వారంలో చెల్లించాలి. నష్టం రాసే కాగితంలో "పోయిన పనిదినాలు" అనే గడి చేర్చాలి. ఆ గడి వంట కార్మికులకే కాదు, చేలో పని పోయిన ప్రతి కూలీకీ అవసరం. ఇద్దరూ వేర్వేరు మనుషులు కాదు. పొద్దున గరిటె పట్టిన చెయ్యే మధ్యాహ్నం కొడవలి పడుతోంది.

హాజరు పట్టీ నకలు దగ్గర పెట్టుకోండి. బడి సెలవు ఉత్తర్వు దొరికితే దాచండి. కొట్టు బాకీ చీటీ పారేయకండి. నీళ్లు వచ్చాక వెతుక్కుంటే దొరకవు.