మతి తప్పిన పెద్దలు – నర్సు విద్యార్థినులు

హైదరాబాదునందు అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నొక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగినపుడు సుమారు 150 మంది దాని నెక్కి ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ చెట్టు కథను పూసగ్రుచ్చినట్లు చెప్పు వృద్ధురాలే, తాను ప్రొద్దున భుజించినదియు మరచి మరల నన్న మడుగవచ్చును. ఇది పిచ్చి గాదు, పెంకితనమును గాదు. మెదడునకు గలుగు వ్యాధి. 1906లో జర్మను వైద్యుడు అల్జైమరు దీనిలో నొక రకమును వర్ణించెను. పూర్తిగా నయముచేయు మందు నేటికిని లేదు గనుక నర్సు చేయు పరిచర్యయే ముఖ్యము.

ఆ విద్య నభ్యసించు మన బాలికలకు మేము చెప్పున దేమనగా: ఏనాడో గతించిన తల్లి యేదని రోగి యడిగినపుడు, ఆమె పోయినదని సరిదిద్దినచో ఆ దుఃఖము ప్రతిసారియు క్రొత్తదియే యగును. “మీ అమ్మగారు ఏమేమి వండెడివారు?” అని యడిగి చూడుడు. స్నానమున కొప్పనిచో బలవంతము వలదు. కొంతసేపు తాళి మరల పిలువుడు. నొప్పి యని చెప్పలేనివారు కేకలు వేయుదురు. మొగము చూచి కనిపెట్టవలెను. ఒక్కనాటిలో మతి చెడినచో ముదిమి యని యూరకుండరాదు. జ్వరమో, మూత్రకోశపు జబ్బో, మందు వికటించుటయో కావచ్చును, వెంటనే వైద్యునకు దెలుపవలెను.

సోదరీమణులారా, ఈ పాఠములో సగము మీయొద్దనే యున్నది. అత్తగారు ఏ లోటాలో నిచ్చిన కాఫీ త్రాగుదురో, ఏ పిలుపునకు పలుకుదురో ఆసుపత్రి చీటీలో నుండదు. ఆ సంగతులు కాగితముపై వ్రాసి నర్సు చేతి కందింపుడు.