నాలుగు గోల్స్... ముగ్గురు మొనగాళ్లు!

ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన వాళ్ల జాబితాలో ఓ భారతీయుడి పేరు ఉందంటే నమ్ముతారా? ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు కొట్టినవి మొత్తం 5 గోల్స్. అందులో 4 ఆ కుర్రాడివే! అతనిది గోవా. అతన్ని అంతవాణ్ని చేసిన గురువు మాత్రం మన హైదరాబాదు బడిపంతులు.

2003 క్రికెట్ ప్రపంచకప్‌లో ఎక్కువ పరుగులు చేసిందెవరు? కోయిలకుంట్ల బస్టాండులో ఏ పిల్లాణ్ని ఆపి అడిగినా సచిన్ అని ఠక్కున చెప్పేస్తాడు. 673 పరుగులని లెక్క కూడా అప్పజెబుతాడు. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో రొనాల్డో 8 గోల్స్, 2022లో ఎంబాపే 8 గోల్స్... ఇవీ కొందరికి నోటికొచ్చు. మరి నెవిల్ డిసౌజా ఎవరు? అక్కడే అందరూ తెల్లమొహం వేస్తారు. పిల్లల్ని అని లాభం లేదు. పెద్దవాళ్లలోనూ ఆ పేరు తెలిసిన వాళ్లు తక్కువే.

ఆ సంవత్సరాన్ని మనవాళ్లు మరో కారణంతో గుర్తు పెట్టుకున్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. అప్పటిదాకా మూడేళ్లపాటు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కర్నూలు మళ్లీ మామూలు జిల్లా కేంద్రమైపోయింది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల అప్పట్లో కర్నూలు జిల్లాలో తాలూకా కేంద్రం. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన ‘దత్తమండలాల’లో భాగం. నూటయాభై ఆరేళ్ల తర్వాత ఆ ఊరి జనం మళ్లీ హైదరాబాదు వైపు చూడాల్సి వచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, ఆ కొత్త రాజధాని మాస్టారు తయారుచేసిన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే ఓడించింది. టీవీలు లేవు. రేడియో ఉన్న ఇళ్లూ తక్కువే. వార్త ఊళ్లకు చేరేసరికి ఎన్ని రోజులు పట్టిందో!

పది గోల్స్ దెబ్బ

మెల్‌బోర్న్ కథ చెప్పాలంటే ముందు హెల్సింకీ గురించి చెప్పాలి. 1952 ఒలింపిక్స్. మన జట్టు యుగోస్లావియాతో తలపడింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. అలవాటులేని చలి. రెండో నిమిషంలోనే మొదలైన గోల్స్ చివరిదాకా ఆగలేదు. 10-1తో చిత్తుగా ఓడిపోయాం. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది. అవతల బ్రాంకో జెబెక్ అనే ఆటగాడు ఒక్కడే 4 కొట్టాడు. మొత్తం 7 గోల్స్‌తో ఆ ఒలింపిక్స్ టాప్ స్కోరర్ల వరసలో నిలిచాడు. అంటే టాప్ స్కోరర్ల పట్టికలో మన దేశం కూడా ఓ చెయ్యి వేసిందన్నమాట... గోల్స్ ఇచ్చుకున్న జట్టుగా!

ఆ ఓటమి తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అయితే బూట్లు వేసుకున్నంత మాత్రాన ఆట రాదు కదా. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆరోజు మైదానం పక్కనే ఉన్నారు. జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం.

మాస్టారి పాఠాలు

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. ఆయన చేతిలో పెరిగిన హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలుచుకుంది.

ఆయన పెట్టిన పోటీల గురించి వింటే నవ్వొస్తుంది, ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు. వచ్చిందే తడవుగా పక్కవాడికి అందించాల్సిందే. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలి. ఎక్కాలు రాని పిల్లాడి చేత అవే పదిసార్లు రాయించినట్టు, ఏది రాదో దాన్నే చేయించడం ఆయన పద్ధతి. లక్షలు ఖర్చుపెట్టి విదేశీ కోచ్‌లను రప్పించుకున్న తర్వాతి తరాలు ఈ పోటీల గురించి ఒక్కసారైనా చదివి ఉంటే బావుండేది.

పేద పిల్లల్ని వెతికి పట్టుకోవడం ఆయనకున్న మరో అలవాటు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని ఓ కుర్రాడుండేవాడు. కొత్త బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో కుట్టించుకున్న జత వేసుకుని ఆడేవాడట. శిక్షణకు హైదరాబాదు రమ్మంటే, రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు. రహీం అతనికి సైకిల్ ఏర్పాటు చేశారు. అలా సైకిలెక్కిన కుర్రాడు 20 ఏళ్లకే మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు.

మెల్‌బోర్న్ జట్టులో బలరాం ఒక్కడే కాదు... నూర్ మహమ్మద్, అజీజ్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అందరూ హైదరాబాదు ఆటలో రాటుదేలినవాళ్లే. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టిందీ హైదరాబాదులోనే. కెప్టెన్ సమర్ ‘బద్రు’ బెనర్జీ, ఎగువన కుడిపక్క ఆడే పీకే బెనర్జీ బెంగాల్ ఆటలో పేరు తెచ్చుకున్నవాళ్లు. అందరికన్నా ముందు నిలబడి గోల్ కొట్టే పని మాత్రం బొంబాయిలో ఆడే గోవా కుర్రాడిది. అతనే నెవిల్ డిసౌజా. వయసు 24.

ఆ మధ్యాహ్నం ఆస్ట్రేలియాకు చుక్కలు

మొదటి రౌండులో మనకు ఎదురుపడాల్సింది హంగరీ. ఆ రోజుల్లో ఆ జట్టంటే ప్రపంచమంతా హడలిపోయేది. కానీ ఆ దేశంలో అప్పుడే తిరుగుబాటు, సోవియట్ ట్యాంకులు, నెత్తురు. హంగరీ ఫుట్‌బాల్ జట్టు రాలేదు. మరికొన్ని దేశాలూ తప్పుకోవడంతో టోర్నీలో ఆడిన జట్లు 11 మాత్రమే. మనవాళ్లు నేరుగా క్వార్టర్ ఫైనల్లో అడుగుపెట్టారు. అదృష్టం కలిసొచ్చిందన్న వాళ్ల మాట కాదనలేం. అయితే అదృష్టం తలుపు దాకానే తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లి ఆడాల్సింది వాళ్లే.

9వ నిమిషంలో డిసౌజా మొదటి గోల్. 17వ నిమిషంలో ఆస్ట్రేలియా ఆటగాడు బ్రూస్ మారో సమం చేశాడు. 33వ నిమిషంలో మళ్లీ డిసౌజా. 41లో మళ్లీ మారో. సగం ఆటకు 2-2. ఇద్దరు మనుషులు పందెం వేసుకుని ఆడుకుంటున్నట్టుంది! విరామం తర్వాత ఐదు నిమిషాలకే డిసౌజా మూడోది కొట్టాడు. మారో దగ్గర ఇక జవాబు లేదు. 80వ నిమిషంలో కిట్టు... అసలు పేరు కృష్ణస్వామి... నాలుగోది కొట్టి కథ ముగించాడు. 4-2.

ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడిగా డిసౌజా పేరు చరిత్రకెక్కింది. సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టూ మనదే. ఆస్ట్రేలియా వాళ్లకు మాత్రం ఆ ఓటమి మింగుడుపడలేదు. ఒలింపిక్స్ అయ్యాక డిసెంబరు 12న సిడ్నీలో మరో మ్యాచ్ ఆడారు. ఈసారి మనవాళ్లు 7-1తో గెలిచారు.

ఆ పదమూడు నిమిషాలు

డిసెంబరు 4. సెమీఫైనల్. ఎదురుగా ఎవరు? యుగోస్లావియా! నాలుగేళ్ల కిందట 10 గోల్స్ కొట్టిన దేశం.

సగం ఆట గడిచింది. స్కోరు 0-0. నాలుగేళ్ల కిందట విరామానికే మన వలలో అయిదు గోల్స్ పడ్డాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు. 52వ నిమిషంలో డిసౌజా గోల్ కొట్టాడు. ఇండియా 1, యుగోస్లావియా 0. ఇంకో 38 నిమిషాలు నిలబడితే ఒలింపిక్ ఫైనల్. కనీసం వెండి పతకం ఖాయం.

నిలబడలేకపోయారు. 54వ నిమిషంలో పాపెట్స్ సమం చేశాడు. 57లో వెసెలినోవిచ్. 65లో మళ్లీ పాపెట్స్. పదమూడు నిమిషాల్లో ఫైనల్ ఆశ ఆవిరైపోయింది. 78వ నిమిషంలో మన డిఫెండర్ సలాం కాలికి తగిలిన బంతి మన వలలోనే పడింది. 1-4. అప్పట్లో ఎవరైనా అలసిపోయినా, దెబ్బ తగిలినా బదులు ఆటగాణ్ని దించే వీలు లేదు. దిగిన పదకొండు మందే చివరిదాకా లాక్కురావాలి.

మూడు రోజుల తర్వాత కంచు పతకం కోసం బల్గేరియాతో ఆట. 37వ నిమిషంలో దియెవ్, 42లో మిలనోవ్, 60లో మళ్లీ దియెవ్. 0-3. నాలుగో స్థానంతో సరి. ఫైనల్లో సోవియట్ యూనియన్ 1-0తో యుగోస్లావియాను ఓడించి స్వర్ణం పట్టుకుపోయింది. వాళ్ల గోల్‌కీపర్ ప్రఖ్యాత లెవ్ యాషిన్. పేరుకు అందరూ ‘అమెచ్యూర్లే’. కానీ తూర్పు యూరప్ దేశాల్లో ఆటగాళ్లను ప్రభుత్వమే పోషించేది. వాళ్ల ఎదుట ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే మన కుర్రాళ్లు నిలిచారు.

పట్టిక చెప్పే సంగతి

1956 టాప్ స్కోరర్ల వరసలో మూడు పేర్లు కనిపిస్తాయి. ఇండియా డిసౌజా, యుగోస్లావియా వెసెలినోవిచ్, బల్గేరియా మిలనోవ్. ముగ్గురికీ నాలుగేసి గోల్స్. సమానం. కానీ ఆ నాలుగూ ఎవరి మీద వచ్చాయో విడదీసి చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

వెసెలినోవిచ్ మూడు గోల్స్ అమెరికా మీద కొట్టాడు. ఆ మ్యాచ్‌లో యుగోస్లావియా 9-1తో గెలిచింది. మిలనోవ్ మూడు గోల్స్ బ్రిటన్ మీద. అది 6-1. మరి వాళ్ల నాలుగో గోల్? ఇద్దరిదీ మన మీదే! సెమీఫైనల్లో వెసెలినోవిచ్‌ను, కంచు పతకం పోరులో మిలనోవ్‌ను మనవాళ్లు ఆపగలిగి ఉంటే ఆ వరసలో డిసౌజా ఒక్కడే మిగిలేవాడు. బల్గేరియా మీద అతను ఇంకొక్కటి కొట్టినా చాలు, ఆ ఘనత అతనొక్కడిదే అయ్యేది. ఇంకో మాట. ఆ ఇద్దరి జట్లూ గోల్స్ కుండపోతగా కురిపించినవే. మన జట్టు మొత్తం కొట్టినవి అయిదు. కిట్టుది పక్కన పెడితే మిగిలినవన్నీ డిసౌజావే.

తర్వాత ఏమైంది?

1960 రోమ్ ఒలింపిక్స్‌కూ మనవాళ్లు వెళ్లారు. హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి... బలరాం రెండు గోల్స్ కొట్టాడు. ఫ్రాన్స్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో పీకే ఒకటి కొట్టాడు. గ్రూపు దాటలేకపోయారు. అంతే. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ ముఖం చూడలేదు.

రహీంకు మాత్రం ఇంకో పండుగ మిగిలింది. 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. గోల్స్ కొట్టింది పీకే, జర్నైల్ సింగ్. అప్పటికే ఆయన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53. అరవై ఏళ్ల తర్వాత, 2024లో, అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమాలో ఆయన వేషం కడితేగానీ కొత్త తరానికి ఆ పేరు తెలియలేదు.

బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. 1961 కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో టాప్ స్కోరర్ అతనే. 1962లో అర్జున వచ్చింది. మరుసటి ఏడాదే జబ్బు చేసి, 27 ఏళ్లయినా నిండకముందే ఆట మానేయాల్సి వచ్చింది. చునీ గోస్వామి, పీకే, బలరాం... ఈ ముగ్గురినీ కలిపి త్రిమూర్తులని పిలిచేవారు. చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ దక్కింది. బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయాడు. ముగ్గురిలో ఆఖరున వెళ్లింది అతనే.

డిసౌజా? అర్జున అవార్డులు మొదలైందే 1961లో. ఆ జాబితాలో అతని పేరు ఎక్కడా కనిపించదు. 1980లో చనిపోయాడు. అప్పటికి అతనికి యాభై ఏళ్లు కూడా నిండలేదు.