బండి కదలకమునుపు

పలాస, కాశీబుగ్గలలో జీడిగింజల బస్తా 80 కిలోలు తూగును. అట్టివి పాతిక ప్యాలెట్టుపై పేర్చినచో రెండు టన్నులగును. టెక్కలి ప్రాంతపు గ్రానైటు పలక, మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందము గలది, ఒక్కటియే సుమారు 320 కిలోలుండును. పది పలకలు చేరినచో మూడు టన్నుల ఫోర్క్‌లిఫ్టు శక్తిని మించును. తరతరములుగ కళాసీల వీపులు మోసిన ఇట్టి భారములను ఎత్తుటకు యంత్రము వచ్చిన ప్రతిచోటను, దానిని దినదినము పనికి ముందు పరీక్షించు ఆచారము కూడ రావలెను. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవు పూర్తియైననాడు ఈ తీరమున ఇట్టి యంత్రములు మిక్కిలి పెరుగును గనుక, ఆ అలవాటు ఇప్పుడే పాదుకొనుట మేలు.

క్రేనుల వంటి యంత్రములను, గొలుసులను, త్రాళ్లను అర్హుడైన పరీక్షకుడు పండ్రెండు నెలలకొకమారైనను చూడవలెనని 1948నాటి కర్మాగారముల చట్టము విధించెను. అమెరికా నిబంధనలు ఫోర్క్‌లిఫ్టును ప్రతిదినము వాడుకకు ముందు, రేయింబవళ్లు నడుచునేని ప్రతి షిఫ్టు పిమ్మట, పరీక్షింపుమనుచున్నవి. నిన్న రాత్రి చిట్లిన హోసు పైపును గోడనున్న ఏటి ధ్రువపత్రము చూపజాలదు గదా!

పది నిమిషముల ఈ దినపరీక్షలో ప్రతి చూపునకును కారణము గలదు. ఫోర్కులను పైకెత్తు బలమంతయు హైడ్రాలిక్ నూనెదే గనుక, బండి నిలిచిన నేలపై నూనె చుక్క పడినదేమో వంగి చూచుట మొదటిది. పిమ్మట ఫోర్కు వంపు తిరిగిన మడమను పరికింపవలెను. అక్కడ మందములో పదవ వంతు అరిగినచో బలములో దాదాపు ఐదవ వంతు నశించును, కావున ఆ ఫోర్కును తీసివేయవలసినదే. ఈ ఉద్దాన తీరపు ఉప్పుగాలికి ఇనుము త్వరగ తుప్పు పట్టును గనుక, ఫోర్కులు ఎక్కిదిగు నిలువు చట్రమగు మాస్టు గొలుసుల లింకులను వెలుతురులో నిదానించి చూడవలెను గాని, మాస్టు సందున చేయి దూర్చరాదు. నూటికి మూడు వంతులు సాగిన గొలుసు మార్చదగినది. ముందుచక్రముల ఇరుసు ఆధారముగ, ముందరి బరువును వెనుకనున్న ఇనుపదిమ్మ త్రాసువలె నిలుపును. కావుననే టైరు ఒకప్రక్క అరిగినను, సరుకు ఫోర్కుల కొసకు జరిగినను ఆ తూకము చెడును. మూడు టన్నుల బండికి పలకపై వ్రాసిన సామర్థ్యము, సాధారణముగ, బరువు నడిబిందువు ఫోర్కుల మొదటినుండి 500 మిల్లీమీటర్లలోనున్నప్పుడే చెల్లును. వెనుకచక్రములే తిరుగునట్టి ఈ బండి మలుపులో తోక విసరి ప్రక్కనున్నవానిని కొట్టును. అందుచే హారను, రివర్సు దీపము, బ్రేకులు, తూకము చెడి బండి ఒరుగు భయముండుటచే సీటు బెల్టు తప్పక చూడవలసినవి.

ఇదంతయు ఎరిగిన ఆపరేటరును సైతము, “లారీ గేటు కాడుంది, అది తరవాత సూద్దువు గాని, ముందు లోడెత్తు” అను ఒక్క మాట ఓడించును. కూలికి నిలిచినవాడు ఎదురు చెప్పలేడు. చూడకయే పుస్తకములో టిక్కులు పెట్టి తాళము త్రిప్పును. నా మతమున ఆ టిక్కు పరీక్ష లేకుండుటకంటె హానికరము, ఏలయన అది తరువాతి షిఫ్టువానికి లేని ధైర్యమిచ్చును. పరీక్షాకాలము జీతమిచ్చు పనివేళలోనిదే కావలెను. లోపము చెప్పినవాని కూలి తెగరాదు. తాళము తీసి “నడుపరాదు” అను పలక తగిలించు అధికారము ఆపరేటరుకే యుండి, మరమ్మతు చేసినవాడు సంతకము పెట్టువరకు యజమానియైనను ఆ పలకను తొలగింపరాదు.