మీకు తెలుసా? మెక్‌డొనాల్డ్స్‌కు అద్దెలే ప్రధాన ఆదాయం
ఫ్రాంచైజీదారుల నుంచి మెక్‌డొనాల్డ్స్ సంస్థకు 2023లో వచ్చిన ఆదాయంలో 60 శాతానికి పైగా అద్దెలే. సంస్థ పేరును, వ్యాపార పద్ధతిని ఒప్పందం ప్రకారం వాడుకొనే హక్కును ఫ్రాంచైజీ అనీ, అందుకు ప్రతిగా అమ్మకాలలో నిర్ణీత శాతంగా చెల్లించే మొత్తాన్ని రాయల్టీ అనీ అంటారు. తొలినాళ్ళలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీలను విస్తరించిన రే క్రాక్ అమ్మకాలపై రాయల్టీగా వసూలు చేసిన 1.9 శాతంలో 0.5 శాతం వ్యవస్థాపకులైన మెక్‌డొనాల్డ్ సోదరులకే చెందడంతో, మిగిలిన సొమ్ము విస్తరణకు చాలలేదు. అందువల్ల క్రాక్ సహచరుడు హ్యారీ సోన్నెబోర్న్ ఆలోచన మేరకు 1956లో ఏర్పడిన ఫ్రాంచైజ్ రియాల్టీ కార్పొరేషన్ అనే అనుబంధ సంస్థ, స్థలాలను లీజుకు తీసుకొని గాని, కొని గాని, వాటిని ఫ్రాంచైజీదారులకు ఎక్కువ అద్దెకు ఇవ్వసాగింది. నేడు ప్రపంచవ్యాప్తంగా ఉన్న మెక్‌డొనాల్డ్స్ రెస్టారెంట్లలో సుమారు 95 శాతాన్ని నడిపేది ఫ్రాంచైజీదారులే.