దిండు తీసెయ్యండి, కాలర్ తియ్యొద్దు

కాలిన గాయాల వార్డులో ఫిజియోథెరపిస్టుగా నేను ముందు చూసేది రోగి తలకింద దిండు ఉందా అని. మెడ కాలినవాళ్ళకి దిండు హాయిగా ఉంటుంది. గడ్డం వాలిస్తే చర్మం లాగదు. కానీ పుండు ఆ వాలులోనే మానుతుంది. లోతుగా కాలినచోట కొత్త కణజాలం గాయాన్ని మూస్తూ చుట్టూ ఉన్న చర్మాన్ని గుంజుకుంటుంది. కొన్ని నెలలకి గడ్డం రొమ్ముకి అతుక్కుపోవచ్చు. అదే కాంట్రాక్చర్. అందుకే దిండు తీసేసి, భుజాల కింద దుప్పటి చుట్ట పెట్టి, మెడ వెనక్కి వాలేలా పడుకోబెడతాం. "పిల్ల ఏడుస్తోంది తల్లీ, కాసేపు దిండు పెట్టనియ్యి" అని అమ్మమ్మలు బతిమాలతారు. ఆ ఏడుపు వినడం నాకూ కష్టమే. అయినా పెట్టనివ్వను.

చాలామంది మెడ బిగిశాకే వస్తారు. కుట్టుపని చేసే ఒకావిడ అలాగే వచ్చింది. గ్యాస్ పొయ్యి దగ్గర చీర అంటుకుంది. కింది పెదవి కిందికి లాగి, నోరు మూతపడక చొంగ కారేది. దండెం మీద బట్టలు ఆరేయాలన్నా తల ఎత్తలేకపోయేది. ఎదిగే పిల్లల్లో అయితే ఈ లాగుడుకి దవడ ఎదుగుదల కూడా దెబ్బతింటుంది.

ఇలా బిగిసిన మెడకి చేసే ఆపరేషన్‌లో మొదటి గండం మత్తు దగ్గరే. శ్వాసగొట్టం వేయడానికి మెడ వెనక్కి వంగాలి, నోరు బాగా తెరుచుకోవాలి. ఇక్కడ అవి రెండూ కష్టమే. అందుకని మనిషి మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, దాని మీదుగా గొట్టం జారుస్తారు. కొన్నిచోట్ల మచ్చలోకి లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపిన సెలైన్ ఎక్కించి, ముందు మచ్చ కోసి, మెడ వదులయ్యాక గొట్టం వేస్తారు.

సర్జన్ మచ్చను అడ్డంగా, మెడ రెండు పక్కలదాకా కోస్తారు. ప్లాటిస్మా అనే పల్చటి కండరం బిగిసి ఉంటే దాన్నీ కోయాలి. మెడ చాచగానే పెద్ద ఖాళీ బయటపడుతుంది. సాధారణంగా తొడ నుంచి తీసిన పల్చటి చర్మంతో దాన్ని కప్పుతారు. లేదా కాలర్ బోన్ పైనుంచి భుజం దాకా ఉండే చర్మాన్ని దాని రక్తనాళంతో సహా తిప్పి వేయవచ్చు. గడ్డం రొమ్ముకి అతుక్కున్నవాళ్ళలో ఈ పద్ధతిని పల్లువా బృందం 1997లో వివరించింది. అది అంతగా కుంచించుకోదు, కానీ భుజం కాలకుండా ఉండాలి. ఒక్క సన్నటి పట్టీయే బిగిసి ఉంటే జెడ్ ఆకారంలో కోసి, చర్మాన్ని అటూ ఇటూ తిప్పి కుడితే చాలు.

అతికించిన పల్చటి చర్మం మళ్ళీ ముడుచుకోవాలనే చూస్తుంది. అతుకు పట్టాక నా పని. వేడినీళ్ళలో మెత్తబడే ప్లాస్టిక్ రేకుని ఆ మెడకే సరిపోయేలా వంచి కాలర్ చేస్తాను. స్నానానికీ అన్నానికీ తప్ప రాత్రీ పగలూ, కనీసం ఆరు నెలలు అది ఉండాలి. ఆ చర్మం పొడిబారుతుంది గనక కొబ్బరినూనెతో రోజూ మర్దన చేయాలి.

కుట్టుపని ఆవిడ ఎండాకాలంలో కాలర్ తీసేసింది. "చెమటకి ఒకటే దురద మేడమ్. మరిది పెళ్ళిలో కాలర్ ఏంటని అత్తయ్య కూడా అంది." తిరిగొచ్చేసరికి మెడ సగం బిగిసింది. మళ్ళీ కోత, మళ్ళీ తొడ చర్మం. ఆవిణ్ణి నేనేమీ అనలేదు. కాలర్ ఎందుకో అత్తగారిని కూర్చోబెట్టి చెప్పాను. రెండోసారి ఆ అత్తగారే రాత్రిళ్ళు లేచి పట్టీలు సరిచూసేది.

కాలిన తర్వాతి కాంట్రాక్చర్ సర్జరీలు ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్నాయి. ఆ ప్యాకేజీలోనే ఈ కాలర్ లాంటి స్ప్లింట్లు, ఫిజియోథెరపీ కూడా కలిసి ఉన్నాయి. ఇంటికి పంపేముందు కాలర్ మీ చేతికి ఇవ్వకపోతే, అడిగి తీసుకోండి.