జోన్ డిఫెన్స్ అంటే ఏంటి? మహోమ్స్‌ను ఒక్క టచ్‌డౌన్ కూడా చేయనివ్వని వ్యూహం ఇదే!

ఒకే స్టేడియం.. అవే రెండు జట్లు.. మధ్యలో సరిగ్గా 70 రోజుల గ్యాప్. కానీ రిజల్ట్ మాత్రం పూర్తిగా రివర్స్! 2020 నవంబర్ 29న టంపాలో జరిగిన మ్యాచ్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ రిసీవర్ టైరీక్ హిల్ ఏకంగా 269 యార్డులు రాబట్టాడు. అందులో 203 యార్డులు మొదటి క్వార్టర్‌లోనే వచ్చాయి. మూడు టచ్‌డౌన్లు కూడా కొట్టాడు. ఆ రోజు టంపా బే బకనీర్స్ 27-24 తేడాతో ఓడింది.

ఆ తర్వాత 2021 ఫిబ్రవరి 7న అదే గ్రౌండ్‌లో సూపర్ బౌల్. ఈసారి హిల్‌కు దక్కింది 73 యార్డులే. స్టార్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయించలేకపోయాడు. బకనీర్స్ 31-9తో టైటిల్ ఎగరేసుకుపోయింది. ఇంతకీ ఏం మారింది? సమాధానం.. డిఫెన్స్ నిలబడిన తీరు!

మనిషినా? ఏరియానా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టు తరఫున 11 మంది ఆడతారు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 యార్డులు ముందుకెళ్లాలి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్లు పరుగెత్తి పట్టుకుంటారు. వాళ్లను ఆపడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది మ్యాన్ డిఫెన్స్. అంటే ఒక్కో డిఫెండర్‌కు ఒక్కో రిసీవర్‌ను అప్పగిస్తారు. అతను ఎటు వెళ్తే అటు వెంటపడాలి. రెండోది జోన్ డిఫెన్స్. ఇందులో మనిషిని కాదు, ఏరియాను కాపలా కాయాలి. తన ఏరియాలోకి ఎవరొస్తే వాళ్లను చూసుకోవాలి. వాళ్లు దాటి వెళ్లిపోతే పక్క ఏరియా వాడికి వదిలేయాలి.

మ్యాన్ డిఫెన్స్‌లో అసలు చిక్కు స్పీడ్. హిల్ లాంటి మెరుపు వేగం ఉన్న ఆటగాడు ఒక్క అడుగు ముందుకెళ్తే చాలు, పట్టుకోవడం కష్టం. నవంబర్ మ్యాచ్‌లో జరిగింది అదే. చాలాసార్లు అతని మీద ఒక్క డిఫెండరే ఉన్నాడు. పైగా రిసీవర్ వెంట పరుగెత్తేవాడికి బంతి ఎటు వస్తోందో కనిపించదు. జోన్‌లో అలా కాదు. డిఫెండర్ల చూపు క్వార్టర్‌బ్యాక్ మీదే ఉంటుంది. అతని కళ్లు, భుజం ఎటు తిరుగుతున్నాయో చూసి బంతి మీదకు దూకొచ్చు. దాన్ని గాల్లోనే లాగేసుకోవడమే ఇంటర్‌సెప్షన్.

కవర్ 2, కవర్ 3, కవర్ 4.. ఈ నంబర్లేంటి?

చాలా సింపుల్. వెనకాల లోతుగా ఎంతమంది కాపలా ఉన్నారో చెప్పే అంకె ఇది. మామూలుగా నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదకు దూసుకెళ్తారు. మిగిలిన ఏడుగురు గ్రౌండ్‌ను పంచుకుంటారు.

కవర్ 2: సేఫ్టీలు అనే ఇద్దరు డిఫెండర్లు వెనక భాగాన్ని చెరి సగం చూసుకుంటారు. ముందు ఐదుగురు ఉంటారు. షార్ట్ పాస్‌లకు గట్టి అడ్డు. కానీ ఇద్దరు సేఫ్టీల మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది.

కవర్ 3: వెనక ముగ్గురు, ముందు నలుగురు. మధ్యలో ఉన్న ఖాళీ మూసుకుపోతుంది. అయితే నలుగురు రిసీవర్లు ఒకేసారి నిటారుగా పరుగెడితే ముగ్గురికీ తిప్పలే.

కవర్ 4: వెనక నలుగురు, ముందు ముగ్గురే. లాంగ్ పాస్ కష్టమే, కానీ చిన్న పాస్‌లు ఈజీగా దొరుకుతాయి.

క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. డెత్ ఓవర్లలో ఫీల్డర్లను బౌండరీ దగ్గరకు పంపిస్తే సింగిల్స్ వస్తాయి, ఫోర్లు ఆగుతాయి. ఇక్కడా అంతే. ఏ జోన్‌కైనా ఎక్కడో ఒకచోట ఖాళీ తప్పదు. ఏ ఖాళీ ఇస్తే నష్టం తక్కువ అన్నదే కోచ్ తేల్చుకోవాలి.

టంపాకు ఇది కొత్త కాదు

1990ల చివర్లో బకనీర్స్ కోచ్ టోనీ డంజీ, డిఫెన్స్ కోచ్ మాంటీ కిఫిన్ కవర్ 2లోని ఆ మధ్య ఖాళీకి చెక్ పెట్టారు. మిడిల్ లైన్‌బ్యాకర్‌ను వెనక్కి పరుగెత్తించి అక్కడ నిలబెట్టారు. దానికే 'టంపా 2' అనే పేరు స్థిరపడింది. 2003 జనవరిలో జరిగిన సూపర్ బౌల్ నాటికి డంజీ జట్టులో లేకపోయినా కిఫిన్ ఉన్నాడు. ఆ మ్యాచ్‌లో బకనీర్స్ డిఫెన్స్ ఐదు ఇంటర్‌సెప్షన్లు చేసింది. అందులో మూడింటిని నేరుగా టచ్‌డౌన్లుగా మార్చేసింది. ఓక్లాండ్ రైడర్స్‌పై 48-21తో గెలిచింది.

మరి 2021లో ఏం జరిగింది?

బకనీర్స్ డిఫెన్స్ కోచ్ టాడ్ బౌల్స్ ఈసారి ఇద్దరు సేఫ్టీలను లోతుగా నిలబెట్టాడు. 'చిన్న పాస్‌లు తీసుకోండి, లాంగ్ పాస్ మాత్రం ఇవ్వం' అన్నట్టుగా ప్లాన్ వేశాడు. హిల్ స్పీడ్‌కు దారి మూసుకుపోయింది.

అయితే జోన్ ఒక్కటే ఉంటే సరిపోదు. క్వార్టర్‌బ్యాక్‌కు టైమ్ దొరికితే ఎంత మంచి జోన్‌లోనైనా రిసీవర్లు ఖాళీ వెతుక్కుంటారు. అందుకే ముందున్న నలుగురే అతన్ని ఉక్కిరిబిక్కిరి చేయాలి. ఆ రోజు మహోమ్స్‌కు రెండు వైపులా రక్షణగా ఉండాల్సిన రెగ్యులర్ టాకిల్స్ ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్జ్ ఇద్దరూ గాయాలతో దూరమయ్యారు. దీంతో ఎక్కువసార్లు నలుగురితోనే బకనీర్స్ పని కానిచ్చేసింది. మహోమ్స్ ఆగకుండా అటూ ఇటూ పరుగులు తీయాల్సి వచ్చింది. చివరకు మూడు సార్లు సాక్ అయ్యాడు, రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు.

వీడియోలో ఎలా గుర్తుపట్టాలి?

బంతి కదలకముందే రెండు విషయాలు గమనించండి. ఒకటి.. అందరికంటే వెనక ఎంతమంది నిలబడ్డారు? ఇద్దరుంటే కవర్ 2 లేదా కవర్ 4 కావొచ్చు. ఒక్కడే ఉంటే కవర్ 3 లేదా మ్యాన్ డిఫెన్స్‌కు ఛాన్స్ ఎక్కువ. రెండోది.. ఒక రిసీవర్ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తే డిఫెండర్ అతని వెంటే వెళ్లాడా? వెళ్తే చాలావరకు మ్యాన్ డిఫెన్స్. కదలకుండా ఉంటే, కొంచెం మాత్రమే సర్దుకుంటే జోన్.

కానీ ఓ ట్విస్ట్ ఉంది. క్వార్టర్‌బ్యాక్ కూడా ఇవే గుర్తులు వెతుకుతాడని డిఫెన్స్‌కు తెలుసు. అందుకే ఇద్దరు సేఫ్టీలను చూపించి, బంతి కదలగానే ఒకడిని ముందుకు దించి కవర్ 3కి మారిపోతారు. ఆ ఒక్క సెకను మోసాన్ని పసిగడితే క్వార్టర్‌బ్యాక్‌ది పైచేయి. పసిగట్టకపోతే బంతి ప్రత్యర్థి చేతుల్లో పడ్డట్టే!